స్పందన సాహిత్యం కాదా? కవితా సమాజాల పట్ల తెలుగు శాఖల దృష్టి - ఒక విమర్శ

పూర్వపక్షం

తెలుగు కవిత తన తొలి పాఠకుణ్ణి కలుసుకొనే చోటు మారింది. రాసిన రాత్రే అది తోటి కవుల ముందుకు వస్తున్నది. తెల్లవారేసరికి దానిపై పదో ఇరవయ్యో అభిప్రాయాలు పోగవుతున్నాయి. వాటిని బట్టి కవి ఒక పాదం మారుస్తాడు, ఒక పదం తీసివేస్తాడు, ఒక్కొక్కప్పుడు కవితనే ఉపసంహరించుకొంటాడు. మరొక కవి అదే వస్తువుపై ప్రతికవిత రాస్తాడు. సంపుటి అచ్చయ్యే నాటికి ఆ కవిత వెనుక ఇంత చరిత్ర ఉంటుంది. సంపుటి ఒక్కటే చేతికందిన పరిశోధకుడికి అందులో ఏ కొంచెమూ కనిపించదు.

ఈ పరిణామం పట్ల విశ్వవిద్యాలయ తెలుగు శాఖలలో ఒక వైఖరి స్థిరపడింది. ఎక్కడా గ్రంథస్థం కాకపోయినా, పరిశోధనాంశాల ఎంపికలోను, మౌఖిక పరీక్షల్లోను, సదస్సుల విరామ సంభాషణల్లోను వినవచ్చే వైఖరి ఇది. దీనికి ఆధారంగా మూడు వాదాలు నిలుస్తున్నాయి. మొదటిది, కవులు పరస్పరం తెలుపుకొనేది స్పందనే గాని విమర్శ కాదన్నది. రెండవది, పూర్వపు సభల్లో పాండిత్యమనే గీటురాయి ఉండేది, ఇప్పుడున్నది పరస్పర ప్రశంస మాత్రమేనన్నది. మూడవది, నిలకడలేని రాతలు పరిశోధనకు ఆకరాలు కాజాలవన్నది. ఈ మూడింటిలో ఏదీ తెలుగు సాహిత్య చరిత్ర ముందు నిలవదు. అలాగని కవితా సమాజాలు తమను గూర్చి తాము చెప్పుకొనే గొప్పలు కూడా నిలిచేవి కావు. రెండు పక్షాలనూ ఒకే కొలతతో కొలవడం ఈ వ్యాసం ఉద్దేశం.

పృచ్ఛకుడి స్థానం

స్పందన కావ్యానికి వెలుపలిదన్న భావన తెలుగువారి అనుభవానికి విరుద్ధం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు లేనిదే అవధాని లేడు. సమస్య ఇచ్చేవాడు ఒక పాదాన్ని ముందే నిర్ణయిస్తాడు. దత్తపది ఇచ్చేవాడు పద్యంలో చేరవలసిన మాటలను చేతికిస్తాడు. నిషిద్ధాక్షరి అడిగేవాడి పని వీటన్నిటికంటె సున్నితమైనది. అవధాని ఒక అక్షరం పలకగానే, తరువాత ఏ అక్షరం రాబోతున్నదో ఊహించి అతడు దాన్ని నిషేధించాలి. అవధాని మనసులో రూపుదిద్దుకొంటున్న పదాన్ని అవధానితో పాటే తానూ ఊహించగలిగినవాడే ఆ పీఠంలో కూర్చోగలడు. అలా వెలువడిన పద్యం కర్తృత్వంలో పృచ్ఛకుడి పాలెంతో తేల్చడం సులభం కాదు. అక్కడ స్పందన రచన ముగిశాక వచ్చి చేరేది కాదు, రచన సాగుతుండగా దాని దిశను మార్చేది.

అవధాన విద్యపై తెలుగు శాఖలలో సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. పృచ్ఛకుల ప్రశ్నలు వాటిలో ఆకరాలుగా చేరాయి. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ నడచిన వివాదం గుంటూరు మండలాన్ని రెండుగా చీల్చింది. ఆ వివాదం నుంచి పుట్టిన ‘గుంటూరుసీమ’ వంటి కృతులను పండితలోకం సాహిత్య చరిత్రలో భాగంగానే స్వీకరించింది. వాటిలో కావ్యగుణమెంత, కక్ష ఎంత అని తూచి చూడక ముందే అవి పరిశోధనార్హమయ్యాయి. రెండు కవిజంటల మధ్య 1911 ప్రాంతపు కలహం సాహిత్యమైనప్పుడు, నేటి కవులు ఒక కవిత మీద జరిపే వాదోపవాదం కాలక్షేపం ఎలా అవుతుందో చెప్పవలసిన బాధ్యత పూర్వపక్షానిదే. ‘అవి అచ్చయ్యాయి, ఇవి కాలేదు’ అన్నది ఒక్కటే సమాధానమైతే, ఆ భేదం ముద్రణకు సంబంధించినది, సాహిత్యానికి సంబంధించినది కాదు.

పొన్నూరు నుంచి చూస్తే

ఈ ప్రశ్నను నగరం నుంచి కాక ఒక చిన్న పట్టణం నుంచి చూడడం అవసరం. గుంటూరు జిల్లా పొన్నూరు అందుకు తగిన ఉదాహరణ. మిరప, పత్తి పండే మెట్టకు పేరుపడిన జిల్లాలో ఇది వరి మాగాణి వైపు ఊరు. భావనారాయణస్వామి ఆలయం, ఆ స్వామి పేరిటనే సంస్కృత కళాశాల, ఊరికి ఆనుకొని నిడుబ్రోలు, అక్కడ రైలు స్టేషను ఉన్నాయి. కొండవీటి వెంకటకవి (1918-1991) ఈ కళాశాలలో అధ్యాపకులుగా, ప్రిన్సిపాలుగా పనిచేశారు. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ చిత్రానికి సంభాషణలు రాసి పద్యం ఎరుగనివారికి సైతం పరిచితులైన కవి ఆయన. ‘తెనుగులెంక’ తుమ్మల సీతారామమూర్తి (1901-1990) నిడుబ్రోలు, అప్పికట్ల ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితులుగా పనిచేసినవారు. ‘మహాత్మకథ’కు 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవి జీవిక బడిపంతులు ఉద్యోగమే.

ఈ వివరాలు స్థానిక గర్వం కోసం చెప్పినవి కావు. ప్రాచ్య కళాశాల, ఉన్నత పాఠశాలలోని తెలుగు పండితుడు - ఈ రెండూ ఒక ఊళ్లో స్పందనకు ఉన్న ఏర్పాట్లు. పద్యం రాసిన విద్యార్థి దాన్ని మాస్టారికి చూపేవాడు. మాస్టారు యతి తప్పినచోట వేలు పెట్టి చూపేవారు, సంధి దిద్దేవారు, పదం బరువెక్కువైతే తీసేయమనేవారు. రైలెక్కితే తెనాలి దగ్గరే. 1920 ప్రాంతంలో తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రి నాయకత్వాన సాహితీ సమితి రూపుదిద్దుకొన్నది అక్కడే. చింతా దీక్షితులు, నోరి నరసింహశాస్త్రి వంటివారు అందులో సభ్యులు. రాసినదాన్ని నలుగురి ఎదుట చదవడం, విన్నవారు మాట చెప్పడం, ఆ మాటను పట్టించుకొని మళ్లీ రాయడం ఆ తరం నవ్యకవులకు నిత్యకృత్యం. 1943 ఫిబ్రవరిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగినదీ తెనాలిలోనే. భిన్న దృక్పథాలు గల రెండు సాహిత్యోద్యమాలు పాతికేళ్ల వ్యవధిలో ఒకే పట్టణాన్ని వేదికగా చేసుకోవడంలో రైలుకు, పత్రికకు, మాట్లాడుకోవాలన్న కోరికకు సమాన భాగముంది.

ఈ ఏర్పాటు నేడు శిథిలమైంది. ప్రాచ్య విద్య క్షీణించింది. తెలుగు మాధ్యమం తగ్గింది. పద్యం దిద్దగల ఉపాధ్యాయుడు పాఠశాలల్లో అరుదయ్యాడు. 1924లో మొదలై రచయితకు పండిత పాఠకలోకాన్ని చూపిన ‘భారతి’ 1991లో ఆగిపోయింది. పొన్నూరు వంటి పట్టణంలో ఇవాళ కవిత రాసే యువతికి గాని, కౌలురైతు కొడుక్కి గాని ఆ కవితను చూపదగిన మనిషి ఆ వీధిలో ఉండకపోవచ్చు. ఏ వరంగల్లులోనో, ఏ బళ్లారిలోనో, ఏ అమెరికా నగరంలోనో ఉన్న తోటి కవి ఆ మనిషి అవుతున్నాడు. సాహితీ సమితి చేసిన పనినే వేరొక రూపంలో చేస్తున్న ఏర్పాటు ఇది. దీన్ని కాలక్షేపమనేవారు, పాత ఏర్పాటు కూలుతున్నప్పుడు దాన్ని నిలబెట్టడానికి తెలుగు శాఖలు ఏం చేశాయో కూడా చెప్పాలి.

ప్రశంస కొత్తది కాదు

పరస్పర ప్రశంస అన్న ఆరోపణ పూర్తిగా అసత్యం కాదు. అయితే అది నేటి కవితా సమాజాలతోనే మొదలైనదనడం అసత్యం. పాత కావ్యాల, ఖండకావ్య సంపుటాల తొలిపుటలు తిరగేస్తే చాలు. కృతి మొదలు కావడానికి ముందు పెద్దల అభిప్రాయాలు పుటల తరబడి ఉంటాయి. ధార, ధోరణి, ద్రాక్షాపాకం వంటి మాటలు కవి పేరు మారినా మారకుండా కనిపిస్తాయి. చాలా సందర్భాల్లో అభిప్రాయదాత గ్రంథాన్ని ఎంతవరకు చదివాడో ఆ అభిప్రాయం చెప్పదు. సన్మాన పత్రాలు, షష్టిపూర్తి సంచికలు, ఆవిష్కరణ ప్రసంగాలు ఇదే సంప్రదాయాన్ని కొనసాగించాయి. విశ్వవిద్యాలయ ఆచార్యులు రాసిన ముందుమాటలు దీనికి మినహాయింపు అని ఎవరూ వాదించలేరు.

‘అద్భుతం’ అన్న ఒక్క మాటను హేళన చేసే ఆచార్యుడు, తాను నాలుగు పుటల్లో అదే మాట రాసిన ముందుమాటను విమర్శ కింద జమకట్టడం న్యాయం కాదు. నిడివి పెరిగినంత మాత్రాన పొగడ్త పరిశీలన కాదు. కనుక ప్రశ్న ఇలా ఉండాలి: ఏ స్పందన కవితను అది ఉన్నచోటు నుంచి కదిలించింది? ఏది కదిలించలేదు? అభిప్రాయం తాళపత్రం మీద ఉన్నా, అచ్చులో ఉన్నా, తెర మీద ఉన్నా కొలత ఇదే.

సభలో చోటు ఎవరికి?

పాత సభల్లో పాండిత్యమే గీటురాయి అన్న మాటకు గుర్రం జాషువా (1895-1971) జీవితమే సమాధానం. వినుకొండలో కొప్పరపు కవుల సభ సందర్భంగా, వారిని అభినందిస్తూ పద్యాలు చదివిన యువకుడైన జాషువాకు కులం పేరిట ఎదురైన అవమానం ఆయన జీవితచరిత్రలో ప్రసిద్ధం. అక్కడ ఆయన చేసింది తోటి కవులకు పద్యరూపంలో స్పందన తెలపడమే. ఆ పద్యంలో గణం తప్పిందనో యతి చెడిందనో ఎవరూ ఆక్షేపించలేదు. ఆక్షేపణ మనిషి మీద. పద్యం ఎలా ఉన్నదన్న ప్రశ్నకు ముందే పద్యం చదివే అర్హత ఎవరిదన్న ప్రశ్న నిలిచిన సభ అది. తరువాతి కాలంలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగి సత్కరించారు. ఆ సంప్రదాయంలో ఒక కవి మరొక కవికి చేయగల అత్యున్నతమైన స్పందన అదే. ఈ రెండు సంఘటనలూ ఒకే అవధాన యుగానికి చెందినవి, ఒకే సభాసంస్కృతికి చెందినవి. మొదటిదాన్ని మరచి రెండవదాన్ని మాత్రమే స్మరించేవారు ‘పూర్వపు సభల ప్రమాణాలు’ అన్న మాట వాడుతున్నారు.

ఇక్కడే రెండో పక్షానికీ ఒక హెచ్చరిక అవసరం. తమ ద్వారం అందరికీ తెరిచి ఉన్నదని నేటి కవితా సమాజాలు చెప్పుకొంటాయి. ప్రవేశం విషయంలో ఆ మాట చాలావరకు నిజం. కవిత పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేని స్థితి జాషువా యుగానికి ఊహకందనిది. కాని ప్రవేశం దొరికినంత మాత్రాన శ్రవణం దొరికినట్టు కాదు. పేరున్న కవి రాసిన అంతంతమాత్రపు పంక్తులకు స్పందనలు వెల్లువెత్తి, ఊరుపేరు తెలియని కవి మంచి కవిత మౌనంలో మునిగిపోవడం ఈ సమాజాలను గమనించే ఎవరికైనా పరిచితమే. ఆనాటి సభలో గెంటివేత కంటికి కనిపించేది. నేటి సమాజంలో ఉపేక్ష కంటికి కనిపించదు. కనిపించనిదాన్ని లేదనడం తగదు.

సతృణాభ్యవహారి

రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ప్రతిభను రెండుగా విభజించాడు. కవికి ఉపకరించేది కారయిత్రి, భావకుడికి ఉపకరించేది భావయిత్రి. ఆ భావకులను నాలుగు విధాలుగా చెప్పాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నిటినీ ఆరగించేవాడు సతృణాభ్యవహారి. అసూయతో గుణాన్ని దాచేవాడు మత్సరి. రచన తత్త్వంలోకి దిగేవాడు తత్త్వాభినివేశి, అతడు దొరకడమే దుర్లభం. వెయ్యేళ్ల నాటి ఈ విభజన నేటి స్థితికి అచ్చంగా సరిపోతుంది. కవితా సమాజాల్లో సతృణాభ్యవహారుల సంఖ్య ఎక్కువ. వాటిని దూరం నుంచే నిరాకరించే తెలుగు శాఖలు అరోచకి స్థానంలో ఉన్నాయి. మొదటివారు చదవకుండా మెచ్చుకొంటున్నారు, రెండవవారు చదవకుండా తిరస్కరిస్తున్నారు. చదవకపోవడంలో ఇద్దరికీ భేదం లేదు.

సతృణాభ్యవహారం ఎందుకు ప్రబలింది అన్న ప్రశ్నకు కవుల మొగమాటం ఒక్కటే సమాధానం కాదు. పద్యం రాసేవారి సమాజాల్లో పరిస్థితి గమనించదగినది. ‘శంకరాభరణం’లో రోజుకొక సమస్య ఇచ్చి, వచ్చిన పూరణలను పరిశీలించి గుణదోషాలు తెలిపే పద్ధతి ఏళ్ల తరబడి సాగింది. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర యతి తప్పితే తోటివారు చెబుతారు, కవి సవరించుకొంటాడు, కృతజ్ఞత తెలుపుతాడు. ఎవరి మనసూ నొచ్చుకోదు. దోషాన్ని చెప్పడానికి అందరికీ తెలిసిన పరిభాష ఉండడమే అందుకు కారణం. దోషం పద్యానిదని ఇద్దరూ ఎరుగుదురు, మనిషిదన్న అనుమానానికి చోటు లేదు.

వచన కవిత్వానికి అటువంటి ఉమ్మడి పరిభాష లేదు. ఈ గుంటూరు ప్రాంతం వాడే అయిన కుందుర్తి ఆంజనేయులు 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ స్థాపించారు. ఆరు దశాబ్దాలు దాటాయి. అయినా పాదాన్ని ఎక్కడ విరవాలి, విరిచినచోట ఏం జరుగుతుంది, ప్రతీక ఎప్పుడు అరిగిపోతుంది, కవిత ఎక్కడ ముగిసిపోయి వ్యాఖ్యానం మొదలవుతుంది అన్న విషయాలను చెప్పడానికి తెలుగు తరగతి గది విద్యార్థికి ఇచ్చినవి వస్తువు, శిల్పం అన్న రెండు పెట్టెలు మాత్రమే. ‘శిల్పం బాగుంది’ అన్న మాటకు ‘అద్భుతం’ అన్న మాట కంటె అదనపు అర్థమేమీ లేదు. చెప్పడానికి మాటలు లేనప్పుడు మనిషి మెచ్చుకొంటాడు, లేదా ఊరుకొంటాడు. ఎవరైనా తెగించి లోపం చెబితే, పరిభాష అడ్డు లేనందువల్ల అది నేరుగా కవి వ్యక్తిత్వానికి తగులుతుంది. అందుకే వాదం కవిత మీద మొదలై కవి కులం మీద, ప్రాంతం మీద, వాదానుబంధం మీద ముగుస్తుంది. ఈ పరిభాషను నిర్మించవలసిన వృత్తిధర్మం ఎవరిది? ఛందస్సు బోధించడానికి ఒక పత్రం, అలంకారశాస్త్రానికి ఒక పత్రం కేటాయించిన శాఖలు వచన కవితా నిర్మాణానికి అంతటి శ్రద్ధ చూపలేదు. స్పందనలో విమర్శ లేదని ఆరోపిస్తున్నవారే ఆ లేమికి ప్రధాన కారకులు.

చెరిగిపోతున్న ఆకరాలు

నిలకడలేని రాతలు ఆకరాలు కావన్న మూడో వాదం కారణాన్ని, ఫలితాన్ని తారుమారు చేస్తున్నది. ఆ రాతలు నిలవకపోవడానికి వాటిని ఎవరూ భద్రపరచకపోవడమే కారణం. తాళపత్రాలు కూడా తమంతట తాము నిలవలేదు. సేకరించినవారుంటే నిలిచాయి, లేనిచోట చెదలు తిన్నాయి. ఉత్తరాల సంగతీ అంతే. చింతా దీక్షితులుకు చలం రాసిన ఉత్తరాలు పుస్తకమైనందువల్లనే అవి నేడు సాహిత్య చరిత్రకు ఆకరాలయ్యాయి. అటక మీద ఉండిపోయి ఉంటే అవీ నిలకడలేని రాతలే.

తెలుగువారు 1990ల నుంచే విద్యుల్లేఖల ద్వారా సాహిత్య చర్చలు నడిపారు. వాటిలో చాలా భాగం యాహూ సంస్థ నిర్వహించిన గుంపుల్లో సాగాయి. ఆ సంస్థ 2019 డిసెంబరులో గుంపుల పాత దస్త్రాలను తొలగించింది, మరుసటి ఏడాది డిసెంబరులో సేవనే నిలిపివేసింది. ప్రవాస తెలుగు రచయితలు ఛందస్సు మీద, అనువాదం మీద, ఒకరి రచనల మీద ఒకరు ఏళ్ల తరబడి రాసుకొన్న మాటల్లో ఎవరో శ్రద్ధతో దాచుకొన్నవి తప్ప తక్కినవి పోయాయి. 1998 నుంచి వెలువడుతున్న ‘ఈమాట’ తన పాత సంచికలను పాఠకుల అభిప్రాయాలతో సహా అందుబాటులో ఉంచడం వల్ల ఆ చర్చా సంస్కృతి స్వభావం కొంతైనా తెలుస్తున్నది. 2012లో కవి యాకూబ్ ప్రారంభించిన ‘కవిసంగమం’ ఫేస్‌బుక్‌లో మొదలై హైదరాబాదులో ముఖాముఖి కవితాపఠన సభల దాకా విస్తరించింది. ఒక తరం వచన కవుల అభ్యాసం అక్కడ జరిగింది. ఆ అభ్యాసపు దాఖలాలన్నీ ఒక విదేశీ వాణిజ్య సంస్థ దయ మీద ఉన్నాయి. యాహూ విషయంలో జరిగినది మళ్లీ జరగదని నమ్మడానికి ఆధారం లేదు.

సిద్ధాంతపక్షం

పై చర్చ నుంచి తెలుగు శాఖలకు నాలుగు కర్తవ్యాలు తేలుతున్నాయి. ఒకటి, సమకాలీన కవిపై పరిశోధన చేసేవారు ఆ కవి తొలిపాఠాలను, వాటికి వచ్చిన స్పందనలను, వాటి వల్ల జరిగిన మార్పులను పాఠపరిష్కరణలో పాఠభేదాలకు ఇచ్చినంత గౌరవంతో నమోదు చేయాలి. రెండు, ఆయా కవుల అనుమతితో ఈ సంభాషణలను సేకరించి గ్రంథాలయాల్లో భద్రపరచాలి. అనుమతి అన్న మాట ఇక్కడ అలంకారం కాదు. సమానుల మధ్య నమ్మకంతో అన్న మాటను అడగకుండా పరిశోధన గ్రంథానికి ఎక్కించడం ఆ నమ్మకాన్ని చంపడమే. మూడు, స్నాతకోత్తర స్థాయిలో వచన కవితా నిర్మాణానికి ప్రత్యేక పత్రం ఉండాలి. అందులో విద్యార్థి సజీవులైన కవుల రచనలకు కారణసహితంగా స్పందించడం అభ్యాసంగా సాగాలి. నాలుగు, ముందుమాటలను విమర్శ కింద లెక్కించే అలవాటు మానాలి.

ఈ పనులకు ధనం కంటె దృష్టి ముఖ్యం. పొన్నూరు సంస్కృత కళాశాలలో గాని, నిడుబ్రోలు ఉన్నత పాఠశాలలో గాని విద్యార్థి పద్యంపై వేలు పెట్టి ‘ఇక్కడ యతి చూడు’ అన్న మాస్టారు ఆ క్షణంలో సాహిత్యేతరమైన పని చేస్తున్నానని అనుకొని ఉండరు. ఆ వేలు నేడు తెర మీదికి మారింది. అది తప్పు చోట పెడుతున్నదా, సరైన చోట పెడుతున్నదా అని పరీక్షించవలసినవారు తెలుగు అధ్యాపకులు. ఆ పరీక్షకు సిద్ధపడనంత కాలం కవితా సమాజాలపై వారి తీర్పుకు, తాము నిందిస్తున్న ‘అద్భుతం’ అన్న మాటకు ఉన్నంత విలువే ఉంటుంది.